గోల చేయని పాప

ప్రశ్న: డాక్టరు గారూ, మేము ఫిలడెల్ఫియాకు దగ్గరలో ఉంటున్నాం. మా పాపకు తొమ్మిది వారాలు. నా కాన్పుకు సాయంగా మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చారు. వస్తూ పాడేరు వైపు నుంచి తెప్పించిన అసలైన అడవి తేనె ఒక సీసా తెచ్చారు. బారసాల నాడు బంగారు ఉంగరంతో పాపకు తేనె నాకించారు. ఆ తరువాత వస కొమ్ము అరగదీసి, తేనెలో రంగరించి, రోజూ సాయంత్రం నాలుకకు రాస్తూ వచ్చారు. పోయిన వారం టీకాలకు వెళ్ళినప్పుడు నర్సు మాటల్లో ఈ సంగతి బయటపడింది. ఆమె కంగారుపడి డాక్టరును పిలిచింది. ఏడాది లోపు పిల్లలకు తేనె పెడితే బోటులిజం అనే జబ్బు రావచ్చన్నారు. ఆ రోజు నుంచే మానేశాం. కానీ ఇప్పుడు నాలుగు రోజులుగా పాపకు విరేచనం కాలేదు. పాలు తాగుతోంది. ఆముదం పట్టిస్తే సరిపోతుందని అత్తయ్యగారు అంటున్నారు. "మా ఇంట నలుగురు పిల్లలకు నాకించాను, ఎవరికి ఏమయింది?" అని ఒకసారి అన్నారు, ఆ తరువాత మాట్లాడటమే తగ్గించారు. ఈ జబ్బును ఎలా గుర్తుపట్టాలి? వస్తే మందు ఉందా? వచ్చే నెలలో విజయవాడ వస్తున్నాం. అక్కడ ఉండగా ఏమైనా అయితే ఎలా?
— పేరు వేయవద్దన్న ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివిన గంటలోపే మీకు మెయిలులో నాలుగు ముక్కలు రాశాను. "అచ్చులో జవాబు వచ్చేదాకా ఆగకండి. ఈ రోజే పాపను డాక్టరుకు చూపించండి. తేనె పెట్టారన్న సంగతి, చివరిసారి పెట్టిన తేదీ ముందుగా చెప్పండి. ఆముదం జోలికి వెళ్ళకండి. పాప చప్పరించే బలం తగ్గినా, ఏడుపు సన్నగిల్లినా అపాయింట్‌మెంటు అడగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి" అన్నాను. మీరు వెళ్ళారు. డాక్టరు పాపను తల నుంచి కాలి దాకా పరీక్షించి, బలం బాగానే ఉందన్నారు, అయినా మర్నాడు మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఆ మర్నాటికి విరేచనం అయింది. ఆ కబురు చదివాక నాకూ ఊపిరి తిరిగింది. ఇప్పుడు నింపాదిగా రాస్తున్నాను. సగం మీ కోసం, సగం అలాంటి సీసానే అటకమీద పెట్టుకున్న ఇళ్ళ కోసం.

ముందు ఆ సీసా సంగతి. నేలలో, దుమ్ములో, చెరువు అడుగు బురదలో బోటులిజం తెచ్చే సూక్ష్మజీవి ఉంటుంది, పేరు క్లాస్ట్రిడియం బోట్యులినం. గాలి తగలని చోటే అది పెరుగుతుంది. పెరగడానికి వీలు లేనప్పుడు చుట్టూ గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతుంది. బడిలో సిద్ధబీజం అని చదువుకున్నామే, అదే. తేనెటీగ వాలిన పువ్వు మీద దుమ్ము ఉంటుంది, ఆ దుమ్ముతో పాటు ఈ బీజాలు కొన్ని పట్టులోకి చేరతాయి. తేనెలో అవి మొలకెత్తవు, అలాగని చావవు కూడా. కాబట్టి తేనె అసలుదా, కల్తీదా అన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు. మీ అత్తయ్యగారి అడవి తేనెలోనూ ఉండవచ్చు, అంగట్లో సీలు వేసి అమ్మే తేనెలోనూ ఉండవచ్చు. అన్ని సీసాల్లోనూ ఉండవు, కానీ ఏ సీసాలో ఉన్నాయో కంటికి, ముక్కుకు, నాలుకకు తెలియదు. కాచి పెడితే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. మరిగే నీటి వేడిని ఈ బీజాలు గంటల తరబడి తట్టుకుంటాయి. వాటిని చంపాలంటే ఒత్తిడితో 121 డిగ్రీల దాకా వేడెక్కిన ఆవిరి కావాలి. పొయ్యి మీద వెచ్చచేసిన తేనె తేనెగానే ఉంటుంది, బీజాలు బీజాలుగానే ఉంటాయి.

అదే తేనె మీరు చెంచాడు తాగినా ఏమీ కాదు. పెద్దవాళ్ళ పేగుల్లో కోట్లాది సూక్ష్మజీవులు పండగ ముందు రోజు పాసింజరు రైల్లో జనంలా కిక్కిరిసి ఉంటాయి. కొత్తగా ఎక్కినదానికి కాలు మోపే చోటు ఉండదు, వచ్చిన దారినే బయటికి పోతుంది. నెలల పిల్ల పేగు అప్పుడే స్టేషనులోకి వచ్చిన ఖాళీ బండి. బీజం అక్కడ కూర్చుని, మొలకెత్తి, పెరిగి, విషం తయారుచేయడం మొదలుపెడుతుంది. అందుకే ఈ జబ్బు ఏడాది లోపు పిల్లలకు వస్తుంది, అందులోనూ ఎక్కువమంది ఆరు నెలల లోపు వాళ్ళే. ఇంకో సందేహం కూడా తీర్చేస్తాను, మీరు అడగలేదు కానీ అడుగుతారు. బాలింతరాలు తేనె తింటే ఆ బీజాలు పాలలోకి దిగవు. మీ పాలు ఆపవద్దు.

విషం చేసే పని చిన్నదే. నాడి చివర నుంచి కండరానికి "కదులు" అని కబురు మోసుకుపోయే రసాయనం ఒకటి ఉంది. ఈ విషం ఆ కబురును నాడి చివరనే ఆపేస్తుంది. కండరానికి జబ్బు లేదు, మెదడుకూ జబ్బు లేదు. మధ్యలో తపాలా ఆగిపోయింది, అంతే. ముఖం మీద ముడతలు పోవడానికి సినిమా తారలు వేయించుకునే బొటాక్స్ ఇంజెక్షన్ గురించి మీ అత్తయ్యగారు కూడా విని ఉంటారు. అది ఈ విషమే, అతి కొద్ది మోతాదులో, ఒక్క చోట. ముఖకండరాలు సడలి ముడతలు పోతాయి. ఆ సడలింపు కనురెప్పలకు, నాలుకకు, గొంతుకు, మెడకు, చివరికి ఊపిరి పీల్చే కండరాలకు పాకితే ఎలా ఉంటుందో, శిశువుల బోటులిజం అలా ఉంటుంది. పాపకు స్పర్శ తెలుస్తుంది, తెలివి ఉంటుంది, తల్లి మాట వినిపిస్తుంది. నవ్వడానికి, ఏడవడానికి కండరాలు సాయం రావు.

ఇక గుర్తుపట్టడం. మన ఇళ్ళలో ఏడవని పిల్లకు మంచి పేరు. "బంగారు తల్లి, అసలు గోలే చేయదు" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుంటాం. ఈ జబ్బును పోల్చుకోవడంలో జరిగే ఆలస్యానికి సగం కారణం ఆ మెచ్చుకోలేనని నా అనుమానం. జ్వరం వస్తే ఇంటిల్లిపాదీ లేస్తారు. వాంతి అయితే లేస్తారు. పాప నెమ్మదించిందంటే మాత్రం అందరికీ హాయిగా ఉంటుంది. బోటులిజంలో సాధారణంగా జ్వరం ఉండదు. అది చడీచప్పుడు లేకుండా వస్తుంది.

చాలామంది పిల్లల్లో మొదట కనిపించేది మలబద్ధకం. పేగు కండరాలు కూడా సడలిపోతాయి కదా. అయితే ఇక్కడ తొందరపడి బెంబేలెత్తకూడదు. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలు ఆరు వారాలు దాటాక నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం దాకా విరేచనం లేకుండా హాయిగా ఉంటారు. వాళ్ళు గట్టిగా ఏడుస్తారు, గట్టిగా తాగుతారు, కాళ్ళు ఆడిస్తారు, ఆ తరువాత ఒకనాడు గుడ్డలన్నీ తడిపేస్తారు. మీ పాపది అదేనని తేలింది. కానీ తేనె నాకిన పిల్లకు మలబద్ధకం వస్తే ఇంట్లో కూర్చుని అది ఏదో తేల్చుకునే అధికారం మనకు లేదు. చూపించి తీరాలి.

మలబద్ధకం తరువాత సంగతులు పైనుంచి కిందికి దిగుతాయి. ముందు కళ్ళు. రెప్పలు బరువుగా సగం వాలి ఉంటాయి, చూసేవాళ్ళు నిద్రమత్తు అనుకుంటారు. ముఖం మీద కవళిక ఉండదు, నిన్నటి దాకా మిమ్మల్ని చూసి నవ్విన పిల్ల ఈ రోజు చూస్తూ ఊరుకుంటుంది. చప్పరింపు తగ్గుతుంది. పావుగంటలో తాగేసే పిల్లకు ముప్పావుగంట పడుతుంది, పాలు పెదవి చివర నుంచి కారిపోతాయి, ఉమ్మి నోట్లోనే నిలిచిపోతుంది, మింగబోతే పొలమారుతుంది. దీన్ని కంటికంటే ముందు తల్లి ఒళ్ళు పసిగడుతుంది. పాప తాగి వదిలాక కూడా రొమ్ము బరువు దిగలేదంటే, గడ్డకట్టినట్లు సలుపుతోందంటే, ఆ మాట డాక్టరుతో చెప్పండి. సిగ్గుపడే విషయం కాదు, అది రోగలక్షణం. తరువాత ఏడుపు. ఇల్లెగిరిపోయేలా ఏడ్చే పిల్ల పిల్లికూనలా సన్నగా మూలుగుతుంది. తరువాత మెడ. మీ పాపది ఇంకా మెడ నిలిచే వయసు కాదు, కానీ భుజాన వేసుకున్నప్పుడు తల కాస్త ఎత్తి ఇటూ అటూ చూసే పాటి బలం ఉంటుంది. అది పోయి తల వాలిపోతుంది. ఆపైన చేతులు, కాళ్ళు. ఎత్తుకుంటే చేతుల్లో నుంచి తడిగుడ్డలా జారిపోతున్నట్లు ఉంటుంది. చివరగా ఊపిరి. కొందరిలో ఇదంతా జరగడానికి రోజులు పడుతుంది, కొందరిలో గంటలే. ఏ మెట్టు దగ్గర ఆగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కాబట్టి మొదటి మెట్టు మీదే పట్టుకోవాలి.

మా రోజుల్లో లేని ఒక సౌకర్యం మీకుంది. మీ ఫోనులో పాప వీడియోలు వందకు తక్కువ ఉండవు. అనుమానం వస్తే పోయిన వారం వీడియో, ఈ రోజు పాప, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏడుపు, కళ్ళు, పాలు తాగే తీరు. తేడా ఉంటే ఆ రెండు వీడియోలూ డాక్టరుకు చూపించండి. ఆసుపత్రిలో కొత్త డాక్టరుకు నిన్నటి మీ పాప తెలియదు. "మొన్నటి దాకా ఇలా లేదు" అన్న మీ మాటకు వీడియో సాక్ష్యం. తేనె పెట్టిన తరువాత లక్షణాలు రావడానికి 3 నుంచి 30 రోజులు పట్టవచ్చు. చివరిసారి తేనె పెట్టిన తేదీ క్యాలెండరులో గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి నెల రోజులు ఇలా కనిపెట్టి ఉండండి. ఆ తరువాత ఈ తేనె గురించి దిగులు పడనక్కరలేదు.

ఆముదం వద్దని ఎందుకు అన్నానో చెప్పాలి. మలబద్ధకానికి ఆముదం, ముక్కులో నూనె చుక్కలు, తమలపాకు తొడిమ, వాము నీళ్ళు, ఇవన్నీ నేనూ చూస్తూ పెరిగినవే. మింగే బలం తగ్గిన పిల్ల గొంతులో నూనె పోస్తే అది కడుపులోకి పోతుందన్న నమ్మకం లేదు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నీరైతే దగ్గు వస్తుంది. నూనె జారుడుగా, దగ్గు కూడా రానీయకుండా లోపలికి దిగి, అక్కడే ఉండిపోయి న్యుమోనియా తెస్తుంది. బోటులిజం లేని పిల్లలకు కూడా ఇలా నూనె పట్టించి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న సందర్భాలు మన దక్షిణాదిలో పిల్లల డాక్టర్లందరికీ తెలుసు. పనిలో పనిగా వస గురించి కూడా ఒక మాట. వసకొమ్ములో ఆసరోన్ అనే పదార్థం ఉంటుంది, దాని మూలంగా అమెరికాలో 1968 నుంచి వసను ఆహారంలో కలపడం నిషేధం. మాటలు త్వరగా రావాలనే కదా వస పోసేది? వసపిట్టలా వాగే పిల్లలందరూ వస తాగినవాళ్ళే అయితే మా ఇంట్లో ఒక్కరికీ మాట రాకూడదు.

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో తెలిస్తే భయం తగ్గుతుంది. వాడిపోయిన పసిపిల్లను చూడగానే డాక్టరుకు ముందు తోచేది రక్తంలో ఇన్ఫెక్షన్, మెనింజైటిస్ అనే మెదడు పొరల వాపు. అది తప్పు కాదు, అవే ఎక్కువ, అవే త్వరగా ప్రాణం తీస్తాయి. కాబట్టి యాంటీబయాటిక్ మొదలుపెడతారు. చిక్కు ఎక్కడంటే, పసిపిల్లల ఇన్ఫెక్షన్లకు అలవాటుగా వాడే జెంటామైసిన్, అమికాసిన్ లాంటి మందులు నాడి నుంచి కండరానికి పోయే ఆ కబురునే ఇంకాస్త బలహీనపరుస్తాయి. బోటులిజం ఉన్న పిల్లకు అవి ఇస్తే ఊపిరి పీల్చడం మరింత కష్టం కావచ్చు. అందుకే తేనె సంగతి మొదటి నిమిషంలోనే చెప్పమన్నాను. "ఇది బోటులిజం కావచ్చా?" అని నోరు తెరిచి అడగండి. ఏ మంచి డాక్టరూ దానికి చిన్నబుచ్చుకోడు. వృత్తి మొత్తంలో ఈ జబ్బును ఒక్కసారి కూడా చూడని డాక్టర్లే ఎక్కువ, మీ ప్రశ్నే వాళ్ళకు తాళంచెవి కావచ్చు. వాళ్ళు టార్చిలైటు కంట్లోకి మళ్ళీ మళ్ళీ వేసి చూస్తారు. మామూలు కంటిపాప ప్రతిసారీ చురుగ్గా ముడుచుకుంటుంది. ఈ జబ్బులో రెండు మూడు సార్లకే అలసిపోయి నెమ్మదిస్తుంది.

నిర్ధారణకు మలం పరీక్ష చేయాలి, అందులో విషమో, సూక్ష్మజీవో దొరకాలి. మలబద్ధకం ఉన్న పిల్ల మలం ఎక్కడి నుంచి వస్తుంది? శుద్ధమైన నీటితో చిన్న ఎనిమా ఇచ్చి కొద్దిగా తీస్తారు. ఫలితం రావడానికి రోజులు పడుతుంది. ఆ ఫలితం కోసం వైద్యం ఆపకూడదు. డాక్టరు చేతికి, కంటికి తోచిన అనుమానమే మందు మొదలుపెట్టడానికి చాలు.

ఆ మందు కథ నాకు ఇష్టమైనది. నేను చదువుకున్న రోజుల్లో బోటులిజం అంటే సరిగా నిలవచేయని డబ్బా ఆహారం తిన్న పెద్దవాళ్ళ జబ్బు. పేరే లాటిన్‌లో సాసేజి, అంటే పేగులో మాంసం కూరి చేసే తిండి, అని అర్థం వచ్చే మాట నుంచి వచ్చింది. జర్మనీలో 1820ల నాడు సాసేజిలు తిని చనిపోయిన వాళ్ళ గురించి జస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు వివరంగా రాశాడు. అదే సూక్ష్మజీవి పసిపిల్లల పేగులో నేరుగా కాపురం పెట్టగలదని తేలింది 1976లో, కాలిఫోర్నియాలో. అక్కడి ఆరోగ్యశాఖలో పనిచేసిన స్టీఫెన్ ఆర్నన్ అనే వైద్యుడు తన జీవితంలో ఎక్కువ భాగం దీని మీదే పెట్టాడు. ఈ విషానికి విరుగుడుగా అప్పటిదాకా గుర్రాల రక్తం నుంచి తీసిన మందు ఉండేది, పసివాళ్ళకు అది ఎక్కించాలంటే అలర్జీ భయం. ఆయన బృందం వేరే దారి పట్టింది. బోటులినం విషానికి టీకా వేయించుకున్న మనుషుల రక్తంలో ప్రతిరక్షకాలు ఉంటాయి. వాళ్ళు ఇచ్చిన ప్లాస్మా నుంచి ఆ ప్రతిరక్షకాలను తీసి మందు చేశారు. కాలిఫోర్నియాలో 122 మంది పిల్లల మీద పరీక్షించారు. మందు అందని పిల్లలు సగటున 5.7 వారాలు ఆసుపత్రిలో ఉంటే, అందినవాళ్ళు 2.6 వారాలకే ఇంటికి వెళ్ళారు. 2003లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. పేరు బేబీబిగ్. ఖరీదు పదుల వేల డాలర్లు. కొని అలమారలో పెట్టుకునే మందు కాదు. ఆసుపత్రి డాక్టరు కాలిఫోర్నియా ఆరోగ్యశాఖలోని శిశు బోటులిజం విభాగానికి ఫోను చేయాలి. అక్కడ ఇరవైనాలుగు గంటలూ డాక్టరు పలుకుతారు, లక్షణాలు విని, అవునని తోస్తే మందు పంపుతారు. నరంలోకి ఒక్కసారి ఎక్కిస్తే చాలు.

ఆ మందు రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది. అప్పటికే నాడిలోకి దిగిపోయిన విషాన్ని మాత్రం వెనక్కు లాగలేదు. ఆ నాడి చివర మళ్ళీ కొత్త చిగుళ్ళు వేసి కండరాన్ని అందుకోవాలి, దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కాబట్టి ఎంత త్వరగా ఎక్కిస్తే అంత తక్కువ నష్టం. మిగతాది ఓపికతో చేసే సేవ. మింగలేకపోతే ముక్కు గుండా గొట్టం వేసి పాలు పోస్తారు, మీరు పిండి ఇచ్చిన పాలే. ఊపిరి అందకపోతే వెంటిలేటరు. ఆ గొట్టాలు చూసి తల్లిదండ్రులు అయిపోయిందనుకుంటారు. అలా అనుకోవద్దు. వేళకు ఆసుపత్రికి చేరిన పిల్లల్లో చనిపోయేవాళ్ళు నూటికి ఒక్కరు కూడా ఉండరు. దాదాపు అందరూ పూర్తిగా కోలుకుంటారు, తెలివితేటలకు లోటు రాదు. పోయిన కదలికల్లో మెడ, చప్పరింపు, నవ్వు ఒక్కొక్కటే తిరిగి వస్తాయి. ఇంటికి వచ్చాక కూడా మలబద్ధకం కొన్నాళ్ళు వదలదు. మలంలో సూక్ష్మజీవి వారాలు, నెలలు పోతూనే ఉంటుంది కాబట్టి గుడ్డలు మార్చాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఇంట్లో ఇంకో పసిపిల్ల ఉంటే మరీనూ. బేబీబిగ్ ఎక్కించిన పిల్లలకు తట్టు, ఆటలమ్మ లాంటి వాటికి వేసే జీవటీకాలు కొన్ని నెలలు వాయిదా వేస్తారు, అది డాక్టరును అడగాలి.

ఇదంతా తేనె వల్లే వస్తుందని మాత్రం అనుకోకండి. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది తేనె ముఖమే చూడలేదు. కంటికి కనిపించని దుమ్ములో బీజాలు ఉంటాయి, పీల్చే గాలితో, నోట్లోకి పోయే చేతితో లోపలికి చేరతాయి. మీరున్న పెన్సిల్వేనియా, అటు కాలిఫోర్నియా, యూటా రాష్ట్రాల్లో ఇది మిగతా చోట్లకన్నా ఎక్కువగా కనిపిస్తుంది, అక్కడి నేలల మూలంగా. 2025 నవంబరులో అమెరికాలో బైహార్ట్ అనే కంపెనీ పాలపొడి తాగిన పిల్లలు పలు రాష్ట్రాల్లో ఈ జబ్బు పడ్డారు, కంపెనీ తన పాలపొడి మొత్తాన్ని వెనక్కు పిలిపించింది. మీ చుట్టుపక్కల ఎవరింట్లోనైనా పాత డబ్బా మిగిలి ఉంటే వాడవద్దని చెప్పండి. దుమ్మును ఆపలేం. తేనెను ఆపగలం. డాక్టర్లు తేనె మీద అంత పట్టుబట్టడం అందుకే.

విజయవాడ ప్రయాణం మానుకోనక్కరలేదు. ఆ 30 రోజులూ దాటాక బయలుదేరితే మీకూ నిశ్చింత. మన దేశంలో పసిపిల్లల్లో బోటులిజం నిర్ధారణ అయి వైద్యపత్రికలకెక్కిన సందర్భాలు చాలా తక్కువ. బేబీబిగ్ ఇక్కడి ఆసుపత్రుల్లో నిలవ ఉండదు. పరీక్ష చేసే ప్రయోగశాలలు కూడా ప్రతి ఊళ్ళో దొరకవు. అయినా చేయగలిగింది చాలా ఉంది. ఆ మందు పుట్టకముందు కూడా వెంటిలేటరు, గొట్టంపాలు, మంచి నర్సింగు అందిన పిల్లలు బతికి బట్టకట్టారు, కాకపోతే ఆసుపత్రిలో ఎక్కువ రోజులు గడిపారు. కాబట్టి ఇక్కడ అనుమానం వస్తే క్లినిక్కుల చుట్టూ తిరగకుండా, పిల్లల కోసం వెంటిలేటర్లతో ఇంటెన్సివ్ కేర్ ఉన్న పెద్ద ఆసుపత్రికి నేరుగా వెళ్ళాలి. కాలిఫోర్నియా విభాగం ఇతర దేశాలకు కూడా మందు పంపిన సందర్భాలు ఉన్నాయి, ఇక్కడి డాక్టరు వాళ్ళను సంప్రదించవచ్చు. ఊళ్ళో ఉండగా మీరు నిజంగా కాపలా కాయాల్సింది చుట్టాల చేతి వేళ్ళను. అన్నప్రాశన పాయసంలో తేనె కలపవచ్చు, గుడిలో పంచామృతంలో ఎలాగూ ఉంటుంది. ప్రతి పెద్దమ్మకూ, పిన్నికీ నాలుకకు ఒక చుక్క రాయాలని ఉంటుంది. అభిషేకం దేవుడికి చేయించండి, తీర్థం మీరు పుచ్చుకోండి. పాప వంతు కళ్ళకద్దుకుంటే చాలు.

ఇక మీ అత్తయ్యగారు. ఆమె అడిగింది మూర్ఖపు ప్రశ్న కాదు. నలుగురికి నాకించారు, నలుగురూ బాగున్నారు. ఈ జబ్బు అరుదు, ప్రతి సీసాలోనూ బీజాలు ఉండవు, ఉన్నా ప్రతి పిల్ల పేగులోనూ మొలకెత్తవు. కాబట్టి ఆమె అనుభవం నిజమే. కానీ మా అమ్మమ్మల కాలంలో పురిటి నెలల్లో పోయిన పిల్లలు ప్రతి ఇంటా ఉన్నారు. పాలు తాగడం మానేసి, వాడిపోయి, రెండు రోజుల్లో పోయిన పిల్లకు దిష్టి తగిలిందన్నారు, గాలి సోకిందన్నారు. అందులో ఏది బోటులిజమో, ఏది మరొకటో ఎవరు పరీక్ష చేశారు? బాగున్న నలుగురూ వచ్చి చెబుతారు, పోయినవాళ్ళు వచ్చి చెప్పరు. మన నేలలో ఈ జాతి విషం తయారుచేసే సూక్ష్మజీవులు లేవనుకోవడానికీ లేదు. 1996లో గుజరాత్‌లో వసతి పాఠశాల పిల్లలు జబ్బుపడినప్పుడు, వాళ్ళు తిన్న సేవు అనే చిరుతిండిలో అలాంటిదే దొరికింది. తేనె నాకించే అలవాటు మన ఒక్కరిదే కాదని కూడా ఆమెకు చెప్పండి. 2018లో టెక్సాస్‌లో నలుగురు పసిపిల్లలు ఇదే జబ్బుతో ఆసుపత్రి పాలయ్యారు. మెక్సికో నుంచి తెచ్చిన, లోపల తేనె నింపిన పాలపీకలు వాళ్ళ నోట్లో పెట్టారు. అక్కడి అమ్మమ్మలకూ పిల్ల నోరు తీపి చేయాలనే ఉంటుంది.

ఆమె మాట్లాడటం తగ్గించారన్నారు. నాకు తోచింది చెబుతాను, తప్పయితే క్షమించండి. అది కోపం కాదు, భయం. సముద్రాలు దాటి వచ్చి మనవరాలికి తన చేతులతో కీడు చేశానేమోనన్న భయం. పాప కళ్ళు, ఏడుపు, చప్పరింపు నెల రోజులు కనిపెట్టి చూసే పని ఆమెకు అప్పగించండి. నలుగురు పిల్లల్ని పెంచిన కళ్ళు, మీకంటే ముందు ఆమెకే తేడా తెలుస్తుంది. ఆ సీసా పారేయవద్దు. తేనె ఏళ్ళ తరబడి చెడదు. మూత బిగించి, పాప మొదటి పుట్టినరోజు తేదీ చీటీ మీద రాసి అంటించి, పై అరలో పెట్టండి. ఆ రోజు వచ్చాక అదే ఉంగరంతో, ఆమె చేతే నాకించండి.